తెల్లపళ్ళెం

జల్లెడ ఊపుతూనే ఆమె ఓరకంట మొగుణ్ణి చూసింది. గోదాము ముందు నల్ల పట్టా మీద గోధుమలు పరుస్తున్నాడు. చేత్తో కాదు, కాలితో. పల్చగా పరచి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, అంచుల మీద ఇటుకలు పెడితే లోపల కుంపటిలా వేడెక్కి ముక్కుపురుగులు చస్తాయి. ఈయనగారు జానెడు మందాన కుమ్మరించాడు. పై పురుగు మాడుతుంది, అడుగు పురుగు చల్లగా కాపురం చేసుకుంటుంది.

"కాస్త పల్చగా లాగు."

"ఎండకి తెలీదా ఎందాకా పోవాలో?"

ఇలాంటి జవాబులకి లోటు లేదు. పెళ్ళైన కొత్తలో వీటికి నవ్వేది కూడా. అప్పుడు బుర్ర తక్కువ.

"మీ మహారాజుకి ఇవాళ నొప్పెక్కడట?" అంది పక్కన గోతాలు కుడుతున్న అక్క.

"ఎడం భుజమట. నిన్న నడుము, మొన్న మోకాలు. ఒళ్ళంతా ఊరేగుతోంది."

ఇద్దరూ నవ్వారు.

అతనికి తెలిసిన విద్య ఒక్కటే. ముక్కుపురుగుల్ని కుదిపితే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడుంటాయి, కాసేపటికి లేచి నడుస్తాయి. అందుకే జల్లెడలోంచి రాలిన వాటిని తెల్లపళ్ళెంలో వేసి, గట్టిగా కుదిపి, అవి లేచేలోపు సూపర్‌వైజరుకి చూపించేవాడు. "అన్నీ చచ్చాయి సార్." ఇన్నేళ్ళూ ఆ ముక్కతోనే నెట్టుకొచ్చాడు.

పురుగు దగ్గర ఇతను నేర్చాడో, ఇతని దగ్గర పురుగే నేర్చిందో. ఇంట్లో నీళ్ళు మోయాలన్నా, అప్పులవాడు తలుపు కొట్టినా చాప మీద కళ్ళు మూసుకుని పడుండేవాడు. ఆమెకి పురిటినొప్పులు వచ్చిన రోజూ అంతే. పక్కింటావిడ ఆటో పిలిచాక లేచి కూర్చుని "ఏమైంది?" అన్నాడు. ఆ నటన చెడేది ఒక్కందుకే. ఒంటి మీద పురుగు పాకితే ఓర్చుకోలేడు. ఓసారి కాలర్లో ముక్కుపురుగు దూరితే చొక్కా విప్పి గోదామంతా గెంతాడు. పురుగుల పని చేసే మగాడు!

కానీ ఇవాళ్టి సంగతి వేరు. పోయిన రెండు లోడ్లూ పురుగుందని మిల్లువాళ్ళు వెనక్కి పంపేశారు. ఈసారి పళ్ళెంలో ఒక్కటి కదిలినా పనీ పోతుంది, గోదాము వెనక తలదాచుకుంటున్న గదీ పోతుంది అని సూపర్‌వైజరు తేల్చి చెప్పాడు.

పొద్దు కాస్త వాలాక కాగితం తీశారు. ఆమె జల్లించింది. అతను పళ్ళెం కుదిపాడు.

"సార్ని పిలువు. తొందరగా."

మొహమంతా చెమట. పనిచేసినట్టు కనబడాలని నీళ్ళు చల్లుకున్నాడేమో అనుకుంటూ ఆఫీసుకి పరిగెత్తింది. సూపర్‌వైజరు ఫోన్లో ఉన్నాడు. నవ్వుతూ, కుర్చీ ఊపుతూ మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమెకి పళ్ళెమే కళ్ళ ముందు ఆడింది.

తీరా వచ్చేసరికి మహారాజు బస్తాల మీద జారగిలబడి, ఒళ్ళో పళ్ళెంతో కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఏమయ్యా, లే!" అన్నాడు సూపర్‌వైజరు.

ఉలుకూ పలుకూ లేదు.

"నటన సార్. కాసేపు వదిలేస్తే తనే లేస్తాడు," అంది పళ్ళు కొరుకుతూ. ముదనష్టపోడా, ఇప్పుడా నీ వేషాలు!

పళ్ళెంలో ఒక కాలు కదిలింది. ఇంకోటి. ఎండ తగిలి పురుగులు లేస్తున్నాయి. ఆమె చటుక్కున పక్కకి జరిగి పళ్ళెం మీద తన నీడ పడేలా నిలబడింది. చల్లబడితే ఆగుతాయేమో.

ఆగలేదు. ఒకటి అంచు దాటి అతని బొటనవేలు ఎక్కింది. మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి దూరింది. గెంతుతాడని ఆమె ఎదురుచూసింది. కాసేపటికి అది కాలర్లోంచి బయటికొచ్చి మెడ మీద తాపీగా నడిచింది.

ఆమె వంగి దాన్ని దులిపింది. మెడ చల్లగా తగిలింది.

"లే," అంది. "లేవయ్యా. సార్ చూసేశాడు. ఇంక నటించి లాభం లేదు."

సూపర్‌వైజరు ఫోను జేబులో పెట్టుకున్నాడు. అక్క సూది వదిలేసి వచ్చింది. ముగ్గురూ కలిసి ఎత్తి, గోతాం పరిచిన తోపుడుబండి మీద పడుకోబెట్టి గేటు వైపు తోసుకెళ్ళారు.

అతని ఒళ్ళోంచి జారిన తెల్లపళ్ళెం బస్తా మీదే ఉండిపోయింది. ఎండకి అంచు మెరుస్తోంది. లోపల కాస్త దుమ్ము తప్ప ఏమీ లేదు.