కుడి గోడ

గురువారం సాయంత్రం ఏడున్నరకి రేణు ఒక అట్టపెట్టె విప్పింది. చేసిందల్లా అంతే. దాన్ని అలాగే పారేసి ఉంటే ఆ రాత్రి హాయిగా నిద్రపోయేది. కానీ షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్ రూలు ఒకటుంది, పెట్టెల్ని విప్పి చదును చేసి పెడితేనే చెత్తవాళ్ళు తీసుకెళ్తారు. ఇండియన్ స్టోర్ నుంచి పప్పులూ పచ్చళ్ళూ మోసుకొచ్చిన పెట్టె అది. హాల్లో కింద కూర్చుని మూలల టేపు కోసింది. ఎడమ పక్క ఎడమకి పడింది. కుడి పక్క కుడికి పడింది.

రేణు దాన్నే చూస్తూ ఉండిపోయింది.

వంటింట్లో పోపు వేస్తున్న రూమ్మేట్ దేదీప్య తొంగి చూసింది. "ఏమైందే? చెయ్యి కోసుకున్నావా?"

"లేదు. గోడ," అంది రేణు.

ఏ గోడో తెలియాలంటే ముందు స్టేషన్ సంగతి తెలియాలి. షికాగో డౌన్‌టౌన్‌లో రోడ్డు కింద ఉంటుంది హార్మన్ స్ట్రీట్ స్టేషన్. దాన్ని కట్టి డెబ్బై ఏళ్ళు దాటింది. పైన భవనాలు కుంగుతాయన్న భయంతో, నీలంగా ఉండే బంకమట్టిని కత్తులతో ముక్కలు ముక్కలుగా కోసి తీశారట ఆ రోజుల్లో. గోడలకి ఆకుపచ్చ పలకలు వేశారు. పక్క స్టేషన్‌వి ఎర్రవి. చదువురానివాడు కూడా రంగు చూసి దిగాలని. మూలల్లో పలకల్ని గుండ్రంగా వంచారు, హడావిడిలో ఎవరి మోచెయ్యీ గీరుకోకూడదని. మోచేతుల గురించి అంత ఆలోచించిన మహానుభావులు మోకాళ్ళ సంగతి మాత్రం మర్చిపోయారు. కిందకి నలభై ఆరు మెట్లు, ఒక్క లిఫ్ట్ లేదు. ఇప్పుడా లిఫ్ట్ పెట్టే పని రేణు పనిచేసే డిజైన్ ఆఫీసుకి వచ్చింది. ఎనిమిది నెలలుగా ఆమె లోకమంతా ఆ స్టేషనే. లంచ్‌కి కూడా వెళ్ళి అక్కడి బెంచీ మీదే కూర్చునేది.

టికెట్లు అమ్మే అంతస్తులో, ఒకప్పుడు పేపర్లమ్మే కొట్టు ఉండిన గూడు ఉంది. లిఫ్ట్ అందులో వస్తుంది. తలుపు కోసం ఆ గూటి పక్కగోడల్లో ఒకదాన్ని కోయాలి. రెండో గోడ జోలికి పోకూడదు. దాని లోపల ఉక్కు స్తంభం ఉంది, పైనున్న రోడ్డునీ, ఒక భవనం మూలనీ మోస్తోంది. ఏ గోడలో ఉందో చెప్పడానికి 1941 నాటి డ్రాయింగ్ ఒక్కటే దిక్కు. దాని అంచులు చిరిగి, పేర్లు రాసిన భాగాలన్నీ ఊడిపోయాయి. మధ్యలో గూటి ముందు భాగం, దానికి కుడివైపున స్తంభం ఉన్న పక్కగోడ. అంతే మిగిలింది.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫస్టియర్‌లో చీవాట్లు తింటూ నేర్చుకునే మొదటి సంగతి, ఎడమ నుంచి చూసినదాన్ని కుడివైపు గీయాలని, కుడి నుంచి చూసినదాన్ని ఎడమవైపు గీయాలని. అమెరికాలో అలా కాదు. ఎడమది ఎడమకే, కుడిది కుడికే, అట్టపెట్టె విప్పినట్టు. రేణుకి తెలియక కాదు. తెలుసు, పరీక్షలో రాసింది కూడా. కానీ కంప్యూటర్‌లో గీసే డ్రాయింగులన్నిటి మీదా పేర్లుంటాయి, ఈ తేడాతో పని పడదు. పేరు చిరిగిన కాగితం ఎదురయ్యేసరికి చెయ్యి పాత అలవాటుకే పోయింది. స్తంభం ఎడమ గోడలో ఉందనుకుని, కుడి గోడ కోయమని గీసింది. చెక్ చేసి సంతకం పెట్టింది సీనియర్ కృష్ణమోహన్. వరంగల్‌లో చదివిన మనిషి. పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడే ఉన్నా ఆయన కళ్ళూ అదే బడిలో దిద్దుకున్నవి. ఆయనకీ తప్పు కనబడలేదు.

శనివారం పొద్దున ఆరింటికి కుడి గోడ మీద రంపం పడుతుంది.

వెంటనే ఫోన్ చేసి చెప్పేయొచ్చు కదా అంటారా? అక్కడే ఉంది చిక్కు. శుక్రవారం పదకొండింటికి బాస్ మార్గరెట్ రేణు హెచ్-వన్ వీసా కాగితాల మీద సంతకం పెడుతుంది. మూడింటికి కొరియర్ వెళ్తుంది. సోమవారం, ఏప్రిల్ ఒకటిన, అవి చేరాలి. ఈ ఏడాది మొదటి వారంలోనే కోటా నిండిపోయి లాటరీ పడుతుందని అందరూ అంటున్నారు. రేణు వర్క్ పర్మిట్ జులైతో ఆఖరు, ఆపైన హెచ్-వన్ లేకపోతే ఇండియాకే. స్తంభాన్ని తప్పు గోడలో పెట్టిన పిల్లకి ఎవరైనా సంతకం పెడతారా?

అందుకని లెక్క వేసుకుంది. కొరియర్ మూడింటికి. రంపం మర్నాడు ఆరింటికి. మధ్యలో పదిహేను గంటలు. మూడూ ఐదుకి చెప్పేస్తే సరి, ఈలోపు గోడ ఎక్కడికీ పోదు. లెక్క బాగానే కుదిరింది కానీ నిద్ర మాత్రం కుదరలేదు.

శుక్రవారం పొద్దున ఆఫీసులో కాళ్ళు ఒకచోట నిలిస్తే ఒట్టు. కాఫీ తెచ్చుకుంది, తాగలేదు. ప్రింటర్ దాకా వెళ్ళి ఏమీ తీసుకోకుండా వెనక్కొచ్చింది. మార్గరెట్ గది ముందు నుంచి మూడుసార్లు నడిచింది. బల్ల మీద తన ఫైలు కనిపించింది. పది దాటింది.

పదీ ఐదుకి కృష్ణమోహన్ ఆమె సీటు దగ్గరికొచ్చాడు. "ఇయ్యాల గుడ్ ఫ్రైడే కదా, ట్రైన్లల్ల జనం లేరంట. రేపటిదాకా ఎందుకని మేస్త్రీ హెక్టర్ వాళ్ళు ఇప్పుడే స్టార్ట్ చేస్తున్నరు."

రేణు లేచి నిలబడింది. "కృష్ణమోహన్ గారూ, ఆ స్తంభం కుడి గోడలో ఉంది."

ఆయన నవ్వబోయాడు. ఆమె పాత డ్రాయింగ్ స్క్రీన్ మీద పెట్టి, చేతులతో పెట్టె విప్పినట్టు చూపించింది. చూశాడు. కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. గొంతు తగ్గించి, "ఎవరికన్న చెప్పినవా?" అన్నాడు.

"లేదండీ."

"చూడమ్మా, ముందు పలకలు తీస్తరు. దానికే గంట పడ్తది. పదకొండుకి నీ సంతకం కానీ. అయినంక నేనే కాల్ చేస్త."

"గంట పడుతుందని గ్యారంటీనా?"

"నా గ్రీన్ కార్డ్ ఫైల్ గూడ మార్గరెట్ చేతులనే ఉంది, రేణూ. తొమ్మిదేండ్ల సంది లైన్‌ల ఉన్న," అన్నాడు. ఆమెకి జాలేసింది, కోపమూ వచ్చింది. అంతకంటే ఎక్కువగా తన మీద తనకే అసహ్యం వేసింది. ఆయన ఇప్పుడడిగిన గంటని తను నిన్న సాయంత్రం నుంచీ వాడుకుంటోంది.

హెక్టర్‌కి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. ఇక ఆగలేక, కోటు కూడా వేసుకోకుండా లిఫ్ట్ వైపు పరుగెత్తింది. వెనక నుంచి కృష్ణమోహన్ పిలిచాడు. వినిపించుకోలేదు.

మూడు బ్లాకులు. గాలి చెవులు కోసేస్తోంది. ఆ తర్వాత నలభై ఆరు మెట్లు. ఎన్నిసార్లు లెక్కపెట్టిందో ఆ మెట్లని. అవి అన్ని ఉన్నాయని ఏనాడూ ఇంత తిట్టుకోలేదు. కిందకి దిగేసరికి ఆకుపచ్చ పలకలు అప్పటికే ఊడి డబ్బాలో పేర్చి ఉన్నాయి. గంటా లేదు, పాడూ లేదు, ఇరవై నిమిషాల్లో తీసేశారు. కుడి గోడ బోసిగా ఉంది. దాని ముందు మేస్త్రీ హెక్టర్ రంపం ఆన్ చేసి నిలబడ్డాడు, పక్కన ఇద్దరు మనుషులు.

రేణు వెళ్ళి గోడకీ రంపానికీ మధ్య నిలబడింది.

హెక్టర్ మొహం ఎర్రబడింది. రంపం ఆపాడు. "ఏయ్, పిచ్చా నీకు?"

"కోయకండి. డ్రాయింగ్ తప్పు."

"ఎవరన్నారు?"

"నేనే గీశాను."

హెక్టర్ ఆమెని కిందనుంచి పైదాకా చూశాడు. రంపం పక్కన పెట్టి, చిన్న డ్రిల్ తీసుకుని గోడకి ఆనించాడు. నాలుగంగుళాల దాకా మెత్తగా దిగింది. ఆపైన కీచుమని అరిచి ఆగిపోయింది. లైటు వేసి చూశాడు. రూపాయి బిళ్ళంత కన్నంలో ఉక్కు మెరుస్తోంది.

కింద ప్లాట్‌ఫారం మీదకి రైలొచ్చింది, కాళ్ళ కింద నేల సన్నగా అదిరింది. హెక్టర్ టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. రేణుకి ఏడుపొచ్చింది. భయంతోనో సంతోషంతోనో తనకే తెలియలేదు.

ఆఫీసుకి తిరిగొచ్చేసరికి పదకొండూ ఇరవై. మార్గరెట్ గదిలో కృష్ణమోహన్ తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ఫైలు బల్ల మీద తెరిచి ఉంది, పక్కనే మూత తీసిన పెన్ను.

"హెక్టర్ ఫోన్ చేశాడు," అంది మార్గరెట్. "పాత డ్రాయింగులు ఎంతటివాళ్ళనైనా బోల్తా కొట్టిస్తాయి. ఒకసారి నన్నూ కొట్టించాయి. అది పెద్ద విషయం కాదు." పెన్ను తీసుకుంది. "తప్పని ఎప్పుడు తెలిసింది నీకు?"

ఇప్పుడే అంటే సరిపోయేది. కృష్ణమోహన్ తలెత్తి, ఆ మాటే అనమన్నట్టు చూశాడు.

"నిన్న సాయంత్రం ఏడున్నరకి," అంది రేణు.

పెన్ను ఆగింది. "మరి నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"ఈ సంతకం కోసం."

మార్గరెట్ కుర్చీలో వెనక్కి వాలింది. "నిన్న ఫోన్ చేసి ఉంటే ఈ పొద్దున తొమ్మిదికే సంతకం పెట్టేదాన్ని. హెక్టర్ ఇంకొంచెం తొందరపడి ఉంటే, అక్కడున్న ముగ్గురి ఇళ్ళకీ ఫోన్ చేసి ఏం చెప్పేదాన్ని?" ఫైలు మూసింది. పెన్నుకి మూత పెట్టింది. "సోమవారం వచ్చి ఆ గోడ సరిగ్గా గీయి."

రేణు తలూపింది. గది బయట కృష్ణమోహన్ ఏదో చెప్పబోయాడు. ఆయన మీద ఆమెకి కోపం మిగల్లేదు.

మూడింటికి కొరియర్ వచ్చి వేరే కవర్లు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆమె మళ్ళీ స్టేషన్‌కి నడిచింది. మెట్ల దగ్గర ఒక ముసలావిడ సంచీతో నిలబడి, రైలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతోంది. రేణు సంచీ అందుకుని పక్కన నడిచింది.

"ఇక్కడ లిఫ్ట్ వస్తుందట కదా, ఎప్పుడు?" అంది ఆవిడ ఆయాసపడుతూ.

"అక్టోబర్‌లో," అంది రేణు. తను ఉండేది జులై దాకానే. "అప్పటికి మీరు హాయిగా దిగొచ్చు. తలుపు ఎడమ వైపు ఉంటుంది."