నల్లపాముకు కప్పిన టోపీ

తాతను మళ్ళీ పాము కరవకూడదు. రెండుసార్లు కాటు పడ్డాక ఆయన ఒళ్ళు విషం పేరెత్తితేనే ఉబ్బిపోతుందని, మూడోసారి గొంతు మూసుకుపోతే సూదిమందు కూడా ఆపలేకపోవచ్చని డాక్టరు చెప్పాడు. మా ఇంటి నుంచి ఆసుపత్రి నలభై మైళ్ళు.

అందుకే, జార్జియా స్కూళ్ళ కోసం పాముల పుస్తకం వేస్తున్న మార్వా గారు తాత పెంచే పాముల ఫొటోలకు వస్తానన్నప్పుడు అమ్మ నన్ను చూపించి ఒక్కటే మాట అంది.

"టాలీ పక్కనే ఉండాలి నాన్నా. నీ చేతులు కడిగించేదీ, టోపీలు అందించేదీ అదే."

"పదిహేనేళ్ళ పిల్ల నాకు కాపలానా?" అని తాత నవ్వాడు కానీ, కాదనలేదు.

పాము ఫొటోకు నిలవదు. దాని మీద టోపీ బోర్లిస్తే చీకటిని కన్నమనుకుని చుట్ట చుట్టుకుంటుంది. మెల్లగా ఎత్తితే నాలుగైదు క్షణాలు కదలదు. ఆ కాసేపట్లోనే ఫొటో తీయాలి. మా ఇంట్లో రెండు టోపీలు. గడ్డి టోపీ విషం లేనివాటికి. బూడిదరంగు ఉన్ని టోపీ ఒక్క డెలైలాకే. డెలైలా తోకలో గిలక్కాయలా మోగే గిలక ఉన్న విషప్పాము. నల్ల కింగ్‌స్నేక్‌కు విషం లేదు కానీ తోటి పాములను మింగుతుంది. దాని వాసన తగిలితే చాలు, గిలకపాముకు ప్రాణభయం.

తాత ముందు పందిముక్కు పామును తీశాడు. అది వెల్లకిలా పడి నాలుక వేలాడేసింది.

"అయ్యో, చచ్చిపోయిందా?" అంది మార్వా గారు.

"నాటకమండీ! చర్చిలో చందా పళ్ళెం వచ్చేసరికి మా బావమరిదీ ఇలాగే వాలిపోయేవాడు."

కొరడాపాము తాత వేళ్ళను నాలుగుచోట్ల కొరికింది. దానికి విషం లేదు. "దీనికి పలకరింపంటే ఇదే" అంటూ తాత రక్తం ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఆవిడ పగలబడి నవ్వింది. నన్నూ ఏదో అడిగింది. నేను తల దించుకున్నాను. పొద్దున నా పేరడిగినా తాతే చెప్పాల్సి వచ్చింది.

బకెట్‌లో నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి, తాత కింగ్‌స్నేక్ మీంచి టోపీ ఎత్తుతున్నాడు. అది ఉన్ని టోపీ.

"గడ్డి సందుల్లోంచి వెలుతురు పడుతోంటే ఇది పడుకోవట్లేదండీ" అని ఆవిడతో చెబుతున్నాడు.

నేను తాత చేతుల మీద నీళ్ళు పోశాను. సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకున్నాడు, ఏదో కథ చెబుతూనే. టోపీ మాట నోటిదాకా వచ్చింది. కొత్త మనిషి ముందు తాత తప్పు ఎలా ఎత్తి చూపను? ఆయనకే గుర్తొస్తుందిలే అనుకున్నాను.

గుర్తు రాలేదు. డెలైలాను కొక్కెంతో తెచ్చి చెక్క మీద పెట్టి, అదే టోపీ బోర్లించాడు.

ఎత్తేసరికి అది చుట్ట చుట్టుకుని లేదు. తల చెక్కకు అదిమిపెట్టి, నడుమును విల్లులా పైకి లేపింది. గిలక మోగలేదు.

"ఇదేంటే, పదకొండేళ్ళలో ఎప్పుడూ లేనిది!" అన్నాడు తాత.

"ఎంత బాగుందో! కాస్త తల ఇటు తిప్పగలరా?"

డెలైలాను చేత్తో సర్దడం తాతకు అలవాటే. చెయ్యి చాచాడు.

"తాతా, టోపీ..." అన్నాను. అప్పటికే కరిచింది.

తాత టోపీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "ఛ" అన్నాడు, అంతే. మార్వా గారు సూదిమందు పొడిచింది, కారు తీసింది. పన్నెండో మైలు దగ్గర ఆయన పెదాలు నీలంగా మారాయి. దారి పొడవునా నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. ఆసుపత్రి మెట్ల దగ్గర ఆ చెయ్యి నేనే విడిపించుకోవాల్సి వచ్చింది.

పని నుంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"నువ్వు పక్కనే ఉన్నావు కదే! ఏం జరిగింది?"

"నీళ్ళకెళ్ళానమ్మా."

అమ్మ మార్వా గారి వైపు తిరిగింది. "ఒక్క బొమ్మ కోసం మా నాన్నను చంపేశావు కదమ్మా!" అని అరిచింది. ఆవిడ రెండు చేతులూ కట్టుకుని, ఏడుస్తూ, ఆ మాటలన్నీ పడింది.

నేను టోపీ మాట మింగేసి గోడకు ఆనుకుని నిలబడ్డాను. అమ్మ అలా చాలాసేపు అరుస్తూనే ఉంది.