ఇరవై ఒక్క రింగులు

హరీష్ సంచి సర్దుతున్నాడు. రెండు జతల బట్టలు, తువ్వాల, ఆధార్ నకలు, నాలుగు ఫొటోలు, వైరు బిగించే కొక్కెం. కొక్కేన్ని పాత బనియన్‌లో చుట్టి అడుగున పెట్టాడు. ఇనుప సలాకలు నిలబెట్టి, వాటి చుట్టూ రింగులు తొడిగి, సన్న తీగతో బిగించడం వాడి పని. పదేళ్లుగా వాడికి అన్నం పెట్టింది ఆ కొక్కెమే.

"అవ్వా, కార్డేది?"

కార్డు నా దగ్గరే ఉంది. పొద్దున్నుంచి రొమ్ము దగ్గర దాచుకున్నాను. చెమటకు అంచులు మెత్తబడ్డాయి.

"ఇస్త తియ్యి. ముందు బువ్వ తిను" అన్నాను.

హరీష్ నా మనుమడు. బయటి దేశంలో కట్టుబడి పనికి మనుషుల్ని ఎంపిక చేస్తున్నారని, దానికి హైదరాబాద్‌లో పరీక్ష ఉందని వాడికి తెలిసి నెల దాటింది. ఆ దేశం పేరు రాయడానికి నాకు చేయి రాదు. అక్కడ యుద్ధం జరుగుతోంది. పరీక్షలో ఒక బొమ్మ ఇస్తారు, దాని ప్రకారం సలాకలు, రింగులతో బీమ్ గూడు కట్టి చూపాలి. బొమ్మలో కొలతలన్నీ మిల్లీమీటర్లలో ఉంటాయి. మావాళ్లకు అంగుళాలు, అంగుళంలో ఎనిమిదో వంతైన సూత్‌లే తెలుసు. వాళ్లిచ్చిన ఎనిమిది పేజీల పుస్తకం నేనే చదివి వాడికి చెప్పాను. చివరికి ఒక అట్టముక్క మీద మిల్లీమీటర్లు ఎడమ పక్క, అంగుళాలు కుడి పక్క పది వరుసలు రాసి పెట్టాను. వాడు అడిగే కార్డు అదే.

అందులో తొమ్మిది వరుసలు సరైనవి. పదోది నూటయాభై. రింగుకూ రింగుకూ మధ్య దూరం అదే. నూటయాభై అంటే ఆరంగుళాలు. నేను ఐదు అని రాశాను.

తెలిసే రాశాను.

నేను బడికి పోలేదు. మిర్చీలు చుట్టి ఇచ్చిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. ఇప్పుడు రోజూ పొద్దున పాలకుర్తిలో పోశాలు హోటల్ ముందు పేపరు పైకి చదువుతాను. చదివినందుకు ఒక చాయ్. కళ్లు మసకబారినా ఆ పని విడవలేదు. వినేవాళ్లు నేను చదివింది నమ్ముతారు. హరీష్ కూడా అట్లా నమ్మినవాడే.

పరీక్షకు వారం ముందు పేపర్లో పెద్ద వ్యాసం వచ్చింది. మన దేశం అగ్రరాజ్యం కాగలదా అని. సంపదలో మనం లోకంలో ఐదో స్థానంలో ఉన్నాం, త్వరలో మూడుకు పోతాం, సగం మంది ముప్పై ఏళ్ల లోపు వాళ్లే, అదే మన బలం అని పైన రాశాడు. ఉన్నదంతా తలకింత అని పంచితే మాత్రం వంద దేశాల కంటే వెనక ఉన్నామని కింద రాశాడు.

"గంత పొడుగు ఎవ్వలు వింటరు ముత్తక్కా" అన్నాడు పోశాలు. "అయితదా, కాదా? గదొక్కటి జెప్పు."

"అయితదంటడు, కాదంటడు. రెండూ రాసిండు."

"మా హోటల్ లెక్కనే ఉన్నది. బోర్డు పెద్దది, గ్లాసు చిన్నది."

"గా చిన్న గ్లాసుల గూడ సగమే పోస్తవు గదనే" అన్నాడు జైపాల్. తొర్రూరు పక్క తండా పిల్లవాడు. భూపాలపల్లిలో హరీష్‌తో జోడీగా పనిచేసేవాడు. సలాకకు ఆ కొసన వీడు, ఈ కొసన వాడు.

అందరూ నవ్వారు. హరీష్ నా వైపు తిరిగాడు.

"కాక ఏమైతది అవ్వా! ఆ దేశపోళ్ల కాడ మస్తు పైసలున్నయి, బాంబులున్నయి. గోడ గట్టెటోడు లేడు. మనల్ని పిలుస్తుండ్రు. ఇగ ఎవలు పెద్ద?"

"కట్టెటోడే పెద్దయితే, భూపాలపల్లిల నువ్వు గట్టిన బంగ్లల నువ్వెందుకు పండుతలేవు బిడ్డా?"

మళ్లీ నవ్వారు. వాడు నవ్వలేదు.

"నేను పోవుడు నీకు ఇష్టం లేదు. సక్కగ జెప్పు."

"సక్కగనే జెప్తున్న. పెద్దగయ్యే దేశం తన పిల్లల్ని యుద్ధంల కూలికి పంపది."

"దేశం పంపుతలేదు, నేనే పోతున్న. బయట పనిచేసి నేర్చుకొని వచ్చినోళ్లతోనే దేశాలు పెద్దగైనయని పోయిన నెల నువ్వే సదివినవు."

నిజమే. చదివింది నేనే. గొంతు పెంచి మరీ చదివాను.

నా భర్త మొండయ్య ఒక గుడ్డసంచితో భూపాలపల్లి బస్సెక్కాడు. మూడో నెలలో చనిపోయాడని కబురొచ్చింది. నా కొడుకు కృపాకర్ మహబూబాబాద్‌లో రైలెక్కాడు. అది ఎటు పోయిందో ఈ రోజుకూ తెలియదు. కోడలు వనజ నాలుగేళ్లు చూసి మరో మనువుకు పోయింది. ఆమెను తప్పు పట్టను. మిగిలింది వీడొక్కడే. ఆదివారం మందిరంలో అందరూ హరీష్ పాస్ కావాలని ప్రార్థన చేశారు. నేను ఆమెన్ అనలేదు. ఇంటికొచ్చి కార్డు రాశాను.

వాడు తిని చేయి కడుక్కున్నాడు. కార్డు ఇచ్చాను. జేబులో పెట్టుకున్నాడు. బయట ఆటో ఆగి ఉంది. జైపాల్ అందులో కూర్చొని ఉన్నాడు. వాడూ ఆ పరీక్షకే పోతున్నాడు.

"నువ్వు గూడ ఇది ఫోన్ల ఫొటో తీసుకోరా" అన్నాడు హరీష్.

"నాకేం అక్షరాలొస్తయని? నా కన్నే నాకు టేపు. అవ్వా, దీవెనియ్యి."

జైపాల్ ఆటో దిగి, వంగి నా కాళ్లు ముట్టుకున్నాడు. ఆటో ఇంకా కదలలేదు. ఒక్క మాట చెబితే సరిపోయేది, పెన్సిల్‌తో ఒక్క అంకె దిద్దితే సరిపోయేది. డ్రైవరు ఫోన్లో మాట్లాడుతూ ఎంతో సేపు నిలబడ్డాడు.  నేను ఇంటి తలుపు పట్టుకునే ఉన్నాను, చెప్పలేదు. తరవాత ఆటో పోయింది.

మూడో రోజు మధ్యాహ్నం హరీష్ ఒక్కడే వచ్చాడు. సంచి గడప లోపల పడేసి కూర్చున్నాడు.

"పోయిందవ్వా."

నా గుండెలో ఒక సంతోషం లేచింది. దాన్ని మొహం మీదికి రానీయకుండా చెంబుతో నీళ్లు ఇచ్చాను.

"పదడుగుల బీమ్. లెక్కబెట్టి ఇరవై ఒక్క రింగులిచ్చిండ్రు. ఐదంగుళాలకొకటి కట్టుకుంట పోయిన. జర దగ్గరున్నయే అనిపించింది. బయటి దేశపోళ్లు గదా, గిట్లనే కడతరేమో అనుకున్న. రింగులు అయిపోయినయి, ఇంక అడుగున్నర మీద ఖాళీ ఉన్నది. విప్పి కట్టనింకె టైం లేదు."

"జైపాల్?"

"వాడు బొమ్మ మొకమే చూడలే. ఇరవై ఒక్కటి కింద పరిచిండు. పొడుగు చూసిండు. రొట్టె పంచినట్టు పంచిండు. చూసెటోడు టేపు పెట్టి కొలిస్తే ఒక్కటి గూడ తప్పలే." వాడి మొహంలో అసూయ లేదు. "బొమ్మ మీద అడిగిన సవాళ్లకు జవాబు చెప్పక వెయిటింగ్‌ల పడ్డడు. వెయిటింగ్‌ల ముందు పేరు వానిదే. నేను పాసైతే వానికి జాగ లేకుండె. నాది తప్పింది, వాడు ఎక్కిండు."

ఖాళీ చెంబు అందుకున్నాను. వీడు పోకూడదని మాత్రమే అనుకున్నాను. వీడి వెనక ఇంకొకడు నిలబడి ఉంటాడని అనుకోలేదు.

మరునాడు వాడు టేపు తీసి గడప మీద పెట్టాడు. ఒక పక్క అంగుళాలు, ఇంకో పక్క వాడు పనిలో ఎన్నడూ వాడని మిల్లీమీటర్లు. కార్డు పక్కన పెట్టి ఒక్కొక్క వరుసా వేలితో చూశాడు. పై మూడు వరుసలు ముందే చూశాడట. సరిగ్గా ఉన్నాయని మిగతావి వదిలేశాడట.

"తొమ్మిది కరెక్టున్నయి. ఒక్కటి తప్పు. సరిగ్గ రింగుల కాడ."

నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను.

"నీ లెక్క ఎన్నడు తప్పలేదవ్వా. తెలిసే రాసినవా?"

"తెలిసే రాసిన."

వాడు టేపు వదిలాడు. అది చప్పుడుతో డబ్బాలోకి ముడుచుకుంది.  మూడో రోజు ఒకే మాట అన్నాడు. "జైపాల్‌కు చెప్పకు. వాడు సంబురంగ ఉన్నడు."

జైపాల్ బయలుదేరే ముందు రోజు చెప్పాలనే తండాకు పోయాను. వాడి తల్లి రాధాబాయి పత్తి చేను నుంచి అప్పుడే వచ్చింది. నన్ను మంచం మీద కూర్చోబెట్టి జొన్నరొట్టె, బెల్లం తెచ్చింది.

"నీ మనుమనికి రాలేదని రంది పెట్టుకోకక్కా. మల్లొక్కసారి వస్తది. వాడు మంచి పనోడు" అని నన్నే ఓదార్చింది.

"అక్కడ యుద్ధమున్నది రాధాబాయీ."

"ఈడ లేదా? పోయినేడు పత్తి ఎండిపాయె, ముందటేడు కొట్టుకపాయె. నువ్వే సదువుతవట గదా, మన దేశం మస్తు పెద్దగైతున్నదని. గంత పెద్ద దేశం పిల్లల మీద చెయ్యేస్తరా ఎవలన్న?"

జైపాల్ బయట కొత్త సూట్‌కేసుకు గుర్తుగా ఎర్ర గుడ్డ కడుతున్నాడు. నేను రొట్టె తిన్నాను. ఆ స్థానం ఎట్లా ఖాళీ అయిందో చెబితే అది వాడిని ఆపుతుందా, నా గుండె బరువు దింపుతుందా అని తేల్చుకోలేక, చెప్పకుండానే వచ్చాను.

ఐదు నెలలు గడిచాయి. వారానికోసారి వాడు హరీష్‌కు వీడియో పంపేవాడు. ఏడో అంతస్తు, ఎనిమిదో అంతస్తు. తరవాత రెండు వారాలు ఏమీ రాలేదు. మూడో వారం రాధాబాయి కలెక్టరేట్ నుంచి వచ్చిన ఒక కవరు పట్టుకొని మా ఇంటికి వచ్చింది. తండాలో చదివేవాళ్లు ఉన్నారు. అయినా నా దగ్గరికే వచ్చింది.

"సదువక్కా. ఉన్నది ఉన్నట్టు సదువు."

చదివాను. పనివాళ్లు ఉన్న రేకుల షెడ్డు మీద దాడి జరిగిందని, పదకొండు మందిలో ఏడుగురిని గుర్తించారని, మిగతా నలుగురి ఆచూకీ తెలియలేదని ఉంది. నలుగురిలో మూడో పేరు వాడిది. ఒక్క అక్షరం తప్పకుండా చదివాను. ఆమె రెండోసారి చదవమంది. రెండోసారీ చదివాను.

ఆ తరవాత చెప్పాను. కార్డు, ఐదు, ఆరు, అంతా. హరీష్ గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు.

రాధాబాయి నా దగ్గరికి జరిగింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"నా కొడుకు నీ తప్పుతోటి పోయిండంటవా?" అంది. "ఇరవై ఒక్క రింగులు కంటితోటి పంచిండు. టేపు పెడితే ఒక్కటి తప్పలేదట. గది వాని పని. గది గూడ నువ్వే తీసుకుంటవా ముత్తక్కా?"



ఆమె కవరు మడిచి కొంగులో కట్టుకుంది. "పెద్ద దేశం, పెద్ద దేశమని సదివినవు గదా. ఎవ్వల్ని అడగాల్నో సదివి చెప్పు. గంతే."

ఆ రోజు నుంచి చదువుతూనే ఉన్నాను. జనగామ కలెక్టరేట్‌కు, మహబూబాబాద్ కలెక్టరేట్‌కు, ఢిల్లీకి అర్జీలు నేనే రాస్తున్నాను, హరీష్ పోస్టు చేస్తున్నాడు. మొన్న పేపర్లో మనం నాలుగో స్థానానికి వచ్చామని పడింది. పోశాలు చదవమన్నాడు. ఇంకొకరితో చదివించుకోమన్నాను. అర్జీలో పేరు, వయసు, తేదీ స్పష్టంగా ఉండాలంటారు. ప్రతిసారీ అవే రాస్తాను.

బానోతు జైపాల్, ఇరవై ఆరేళ్లు. రెండు వేల ఇరవై నాలుగు సెప్టెంబర్ పన్నెండు, గురువారం పోయాడు. తిరిగి రాలేదు.