నడిపే మనిషి కుర్చీ

భోజనాల బల్ల దగ్గరి నాలుగు కుర్చీలూ హాల్లోకి మోసుకొచ్చి గుండ్రంగా వేసింది ఆమే. తన మీద జరగబోయే పంచాయతీకి తనే కుర్చీలు మోసి, తనే టీ కలిపి, తనే అందర్నీ కేకేసి కూర్చోబెట్టే ఇల్లాలు ఇంకెక్కడైనా ఉందో లేదో గానీ, ఈ ఇంట్లో మాత్రం ఉంది. "బడిలో అందరి పిల్లలకీ చేస్తావుగా, మనకీ ఒకసారి చెయ్యి. నాలుగు రోజులుగా ఈ మూగనోము చూడలేక చస్తున్నాను," అన్నాడు భర్త, ఆదివారం పేపరు మడుస్తూ. తనకి తట్టిన ఉపాయానికి తనే మురిసిపోయాడు కూడా.

ఆమె బడిలో టీచరు. పిల్లలు కొట్టుకుంటే శిక్ష వెయ్యకుండా, కొట్టినవాళ్ళనీ దెబ్బ తిన్నవాళ్ళనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి రెండేళ్ళుగా నడుపుతోంది. పిల్లలు దానికి 'గుండ్రం' అని పేరు పెట్టేశారు. డస్టరు చేతిలో ఉన్నవాళ్ళే మాట్లాడాలి, తక్కినవాళ్ళు వినాలి. ప్రశ్నలు మూడే. ఏం జరిగింది, ఎవరికి బాధ కలిగింది, ఏం చేస్తే సరవుతుంది. నడిపే మనిషి ప్రశ్నలు అడుగుతుంది, విన్నదాన్ని తిరిగి చెప్పి 'అంతేనా' అంటుంది, సొంత మాట మాత్రం కలపదు. మొన్నీమధ్య ఒక పిల్ల కోపంలో ఇంకో పిల్ల కళ్ళద్దాలు విరగ్గొట్టింది. పూర్వమైతే వారం రోజులు బడికి రావద్దనేవాళ్ళు. గుండ్రంలో తేలిందేమిటంటే, కొత్త అద్దాలు వచ్చేదాకా బోర్డు మీద రాసిందంతా ఆ పిల్లకి ఈ పిల్లే చదివి వినిపించాలని. పది రోజులు చదివింది. ఇప్పుడిద్దరూ ఒకే బెంచీలో కూర్చుని క్లాసులో కబుర్లాడుతున్నారని తిట్లు తింటున్నారు.

అది చూసే యాజమాన్యం వాళ్ళు తమ పన్నెండు బళ్ళలోనూ ఈ పద్ధతి నేర్పే పని ఆమెకివ్వాలనుకున్నారు. ఆ కబురుతో ఫోనొచ్చినప్పుడు ఆమె అత్తగారి మోకాళ్ళకి మందు రాస్తోంది. హాల్లో ఛార్జింగుకి పెట్టిన ఆమె ఫోను భర్త ఎత్తాడు. "మా ఆవిడకి కుదరదండీ, ఇంటి పనే సరిపోతుంది," అని పెట్టేశాడు. పెట్టేసినట్టు ఆమెకి చెప్పలేదు కూడా. బుధవారం హెడ్‌మిస్ట్రెస్, "వద్దన్నావటగా, పోనీలే, సోమవారం ఇంకొకరి పేరు పంపేస్తాను," అంటే తెలిసింది. ఇంటికొచ్చి అడిగితే, "నువ్వు ఎత్తినా అదేగా చెప్పేదానివి, నీకు శ్రమ తగ్గించాను," అన్నాడు. ఒళ్ళు మండిపోయింది ఆమెకి. ఏమన్నా అంటే 'అరుస్తున్నావు' అంటాడు, ఏడిస్తే 'నాటకం' అంటాడు. పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆ రెండూ అయిపోయాయి కాబట్టి ఈసారి ఊరుకుంది. వంట ఆగలేదు, ఇస్త్రీ ఆగలేదు. ఆగింది మాట ఒక్కటే. ఇల్లంతా ఇబ్బంది పడింది మాత్రం దానికే.

ఇంట్లో డస్టరెక్కడిది? భర్త టీవీ రిమోటు తీసుకున్నాడు. అదెలాగూ ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉంటుంది.

"ఏం జరిగింది?" అని అడిగింది ఆమె. గొంతు బడిలో గొంతే.

"ఏం జరగలేదు. ఒక చిన్న ఫోను. దానికి ఈవిడ నాలుగు రోజులు మొహం తిప్పుకుంది. సొంతింట్లో పరాయివాడిలా తిరుగుతున్నాను. నాకు అవమానంగా ఉంది."

"మీకు అవమానంగా ఉంది. అంతేనా?" తన మీది ఫిర్యాదుని తనే పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఆయన తృప్తిగా తలూపాడు.

రిమోటు అత్తగారి చేతికెళ్ళింది. "మందు రాస్తూ నాలుగు కబుర్లు చెప్పేది. ఇప్పుడు రాసేసి వెళ్ళిపోతోంది. మందుకన్నా ఆ కబుర్లకే తగ్గేదేమో, మళ్ళీ నొప్పులు." ఆ తర్వాత పన్నెండేళ్ళ కూతురు. "ఇల్లు హాస్టల్లా ఉంది," అంది. అవీ తిరిగి చెప్పింది ఆమె. ఒక్కొక్కళ్ళ బాధా ఆమె నోట్లోంచే వస్తోంది. ఆమె బాధ పట్టే చోటు ఆ నోట్లో లేదు. అడగడానికి ఇంకో రెండు ప్రశ్నలున్నాయి. అవీ అడిగేస్తే, ఇక మళ్ళీ మామూలుగా మాట్లాడతానని తను ఒప్పుకోవడంతో గుండ్రం ముగుస్తుంది, కప్పులు కడగాలి, తెల్లారితే సోమవారం. లేచి పారిపోదామన్నా ఆ కుర్చీ వేసుకున్నది తనే.

"మరి అమ్మకెప్పుడిస్తారు రిమోటు?" అంది కూతురు.

భర్త నవ్వాడు. "నడిపేవాళ్ళు సొంత మాట మాట్లాడకూడదు. మీ అమ్మ పెట్టిన రూలే," అని భార్య వైపు తిరిగాడు. "ఊఁ, తర్వాతి ప్రశ్న అడుగు."

నిజమే, తన రూలే. కానీ దానికన్నా ముందు రూలొకటుంది. గొడవలో ఉన్న మనిషి గుండ్రం నడపకూడదు. బడిలో ఎవరైనా టీచరు తన తగువు తనే తీర్చుకుంటానని వస్తే మొహమాటం లేకుండా లేపేస్తుంది. పొద్దుట 'చెయ్యి' అనగానే ఈ మాట ఎందుకనలేదు? అలవాటు. ఈ ఇంట్లో ఎవరికి నొప్పి పుట్టినా సర్దేది తనే. చివరికి తన నొప్పి కూడా ఆ లెక్కలోనే వేసేసుకుంది. సిగ్గేసింది ఆమెకి, ఆ సిగ్గులోంచే కాస్త బలం వచ్చింది.

లేచి నిలబడింది. "అత్తయ్యా, మీరొచ్చి ఈ కుర్చీలో కూర్చోండి. నేను మీ కుర్చీలోకొస్తాను."

"నాకేం తెలుసే ఇవన్నీ?"

"మూడే ప్రశ్నలు. విన్నారుగా."

"అమ్మా, నీకెందుకివన్నీ..." అని మొదలెట్టాడు భర్త.

"మోకాళ్ళు నొప్పులు గానీ నోరు బాగానే ఉందిరా. ఉండు," అంటూ ఆవిడ మూలుగుతూ లేచింది, ఆ కుర్చీలో కుదురుగా కూర్చుంది. ఎవరో ఒకరు తనని పెద్దరికానికి పిలిచినందుకు కాస్త సంతోషపడినట్టే ఉంది. మనవరాలి దగ్గర్నించి రిమోటు తీసుకుని కోడలి చేతిలో పెట్టింది. ఏదో తీర్పు చెప్పబోయి, తమాయించుకుని, గుర్తు చేసుకుంటూ అడిగింది.

"ఏం జరిగిందమ్మాయ్?"

పదిహేనేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ ఆమెని అడగని ప్రశ్న అది. అత్తగారి కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"నాకొచ్చిన ఫోనుకి నా బదులు వద్దని చెప్పారు అత్తయ్యా. వద్దన్నది నేను కాదు. రేపు పొద్దున్నే వెళ్ళి, ఆ పని చేస్తానని హెడ్‌మిస్ట్రెస్‌కి నేనే చెప్తాను. ఇప్పుడు రెండో ప్రశ్న అడగండి."