కాటా మూసిన మూడు రోజులు

మా మామయ్య అబద్ధం ఆడడు. ఊరంతా ఆ మాట అంటుంది, ఆయన కూడా అంటాడు. అందుకే నాకు ఇంత కోపం. అబద్ధాలాడే మనిషైతే ఆ ముక్క మొహం మీద అనేసి ఊరుకోవచ్చు.

మా ఊరి నడిబొడ్డున మెయిన్ రోడ్డు మోచేయిలా వంగుతుంది. ఆ మలుపులో మామయ్య భోజనం హోటలు. అమ్మ అక్కడే వంట చేస్తుంది. హోటలుకి ఎదురుగా బడి. పక్క వీధిలో గింజల మార్కెట్టు, దాని గేటు దగ్గర లారీలను తూచే కాటా. కాటాకి రావాలన్నా పోవాలన్నా లారీ ఆ మలుపు తిరగాల్సిందే. బైపాస్ వేస్తే మార్కెట్టుకి వెనకవైపు గేటు పెడతారట. ఇక లారీలు ఊళ్లోకి రానక్కర్లేదు.

లారీల మీద నాకు పగేమీ లేదు. మా నాన్న కూడా లారీ డ్రైవరే. నెలలో పది రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ.

మా చెల్లికి ఏడేళ్లు. పుట్టుకతోనే చెవులు వినపడవు. రోడ్డు దాటే ముందు అది హోటలు గోడకు అరచెయ్యి ఆనిస్తుంది. గోడ వణికితే లారీ వస్తున్నట్టు లెక్క, ఆగిపోతుంది. ఆ విద్య దానికి ఎవరూ నేర్పలేదు. కానీ కొందరు డ్రైవర్లు డీజిల్ మిగులుతుందని పల్లంలో ఇంజను ఆపి బండిని వదిలేస్తారు. అప్పుడు గోడ వణకదు. పోయిన నెల అలా వచ్చిన లారీ దాని పుస్తకాల సంచీని ఈడ్చుకుపోయింది. పిల్ల మిగిలింది. సంచీ ముప్పై అడుగుల అవతల దొరికింది.

ఆ రోజు చెల్లిని ఎత్తుకుని నడిరోడ్డు మీద ఏడ్చింది మామయ్యే. "బైపాస్ వచ్చేదాకా నాకు కంటి మీద కునుకుండదు" అన్నాడు.

తర్వాత హాయిగానే నిద్రపోయాడు. లారీలు ఊరి బయటినుంచి పోతే హోటల్లో తినేదెవరని ఎవరో గుర్తు చేసి ఉంటారు.

ఈలోపు రోడ్ల ఇంజినీరు వచ్చాడు. మలుపులో రోజుకి ఎన్ని లారీలు తిరుగుతున్నాయో మూడు రోజులు లెక్కపెట్టాలని, తగినన్ని ఉన్నాయని తేలితేనే బైపాస్ ప్లాను పైకి వెళుతుందని చెప్పాడు. మామయ్య మార్కెట్టు సంఘం కార్యదర్శి. తేదీలు ఆయనే సూచించాడు. ఆ మూడు రోజులూ బడికి సెలవులు కాబట్టి లెక్కకు నన్ను పెట్టించింది కూడా ఆయనే.

"మా కోడలు పిల్లకి నోట్లో నాలుక లేదు గానీ సార్, అక్షరాలు మాత్రం ముత్యాలు" అన్నాడు.

నేను పొంగిపోయాను. నన్ను నలుగురిలో ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా స్టూలు మీద కూర్చుని, లారీకో గీత, ఐదు గీతలకో కట్ట, మూడు రోజులూ తల తిప్పకుండా రాశాను. లారీలు తక్కువగా ఉన్నాయని అనిపించకపోలేదు. చెల్లి నా స్టూలు పక్కనే, రోడ్డు అంచున సుద్దముక్కతో బొమ్మలు గీసుకుంటూ కూర్చుంది. అయినా నాకు వెలగలేదు. నా బుద్ధి గడ్డి తిందంతే.

నాలుగో రోజు పొద్దున చెల్లిని రోడ్డు దాటించడానికి వెళితే లారీలు తోకకు తోక ఆనించి నిలబడి ఉన్నాయి. గోడ ఆగకుండా వణుకుతోంది. పదిహేను నిమిషాలు దాటలేకపోయాం. కాటా దగ్గర పనిచేసే తాతని అడిగాను, ఇవాళ ఇన్ని లారీలేంటని.

"మూడు రోజులూ కాటాకి మరమ్మతు కదమ్మా. సంఘం వాళ్లు నెల ముందే బోర్డు పెట్టించారు, చూడలేదా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెల్లిని లాక్కుని హోటల్లోకి వెళ్లాను.

"మామయ్యా, కాటా మూసేస్తారని నీకు ముందే తెలుసు కదా?"

"తెలుసు."

"ఇంజినీరుకి చెప్పలేదేం?"

"ఆయన అడిగితే కదా! నువ్వు చూసినన్ని రాశావా లేదా?"

"రాశాను."

"ఒక్కటైనా తగ్గించి రాయమన్నానా?"

"లేదు."

"మరి అబద్ధం ఎక్కడుందే? కూర్చో, టీ తాగు. కోపమొస్తే అచ్చం మీ అమ్మమ్మవే. మీసాలొక్కటే తక్కువ."

తింటున్న వాళ్లంతా నవ్వారు.  నవ్వులు విని వంటింటి గుమ్మంలోంచి అమ్మ తొంగి చూసి, మళ్లీ పొయ్యి వైపు తిరిగింది. ఆమెకి ఏం చెప్పను? ఆ పొయ్యి ఆయనది.

వారం తర్వాత బడి హాల్లో సభ పెట్టారు. ఇంజినీరు మైకులో లెక్క చదివాడు. "రోజుకి సగటున నలభై రెండు లారీలు. ఇంత తక్కువ ఉంటే బైపాస్ ప్లాను పైకి పంపలేను." వెనక వరుసలో దుకాణాల వాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లలో సగం మంది ఆ రోజు మా చెల్లి చుట్టూ మూగి అయ్యో పాపం అన్నవాళ్లే. అయ్యో పాపానికి ఖర్చేం లేదు కదా.

"లెక్క రాసిన అమ్మాయి సంతకం పెడితే ఫైలు మూసేస్తాను" అన్నాడు ఇంజినీరు.

మామయ్య నా చేతిలో పెన్ను పెట్టాడు. "గుండ్రంగా పెట్టు తల్లీ, పై ఆఫీసర్లు చూస్తారు."

కాగితం అడుగున సంతకానికి గీత ఉంది. దాని పైన రెండు వేళ్ల ఖాళీ. ఆ ఖాళీలో రాశాను: ఈ మూడు రోజులూ కాటా మూసి ఉంది. మామూలు రోజుల్లో లారీలు ఇంతకు అనేక రెట్లు ఉంటాయి. ఈ లెక్క ఊరి లెక్క కాదు. ఎంత గట్టిగా నొక్కి రాశానో ఏమో, కాగితం ఒకచోట చిరిగింది. కింద సంతకం పెట్టాను. గుండ్రంగా రాలేదు.

ఇంజినీరు చదివి, మైకు పక్కకు జరిపి, "నిజమేనా అమ్మా?" అన్నాడు. నేను తలూపాను. అంతకన్నా నా వల్ల కాలేదు.

మామయ్య కాగితం లాక్కుని చూశాడు. "చిన్నపిల్ల సార్, దానికేం తెలుసు! తిన్నింటి వాసాలు లెక్కపెట్టమని దీనికి ఎవరో నూరిపోశారు. కాటా ఒక్క పూటే ఆపారు, లారీలు వస్తూనే ఉన్నాయి."

మామయ్య అబద్ధం ఆడడం నేను విన్నది అప్పుడే. వెనక ఆడవాళ్ల వరుసలోంచి, ఒళ్లో ఉన్న చెల్లిని దింపి, అమ్మ లేచింది.

"అన్నయ్యా, ఒక్క పూటేంటి? మూడు రోజులూ లారీలు రావు, సగం బియ్యమే పొయ్యమని ముందు రోజు నువ్వే కదా చెప్పావు! మూడు రోజులూ చిన్న గిన్నెలోనే వండాను. ఆ గిన్నె తోమింది నేనే."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఈసారి నా మీద కాదు.

ఇంజినీరు లెక్క కాగితాల మీద అడ్డంగా గీత కొట్టేశాడు. వచ్చే వారం కాటా నడిచే రోజుల్లో, ఏడు రోజులు, మళ్లీ లెక్కపెట్టిస్తానన్నాడు. ఈసారి మనుషుల్ని బయటినుంచి తెచ్చుకుంటాడట. నా మొహం చూడకుండానే ఆ మాట అన్నాడు. నేనేదో తప్పు చేసినట్టు.

బయట మెట్ల దగ్గర మామయ్య అమ్మ ముందు చెయ్యి చాపాడు. "వంటింటి తాళం ఇటివ్వు."

అమ్మ కొంగు ముడి విప్పి ఇచ్చింది. "రేపటి అట్లకి బియ్యం నానబోసి వచ్చాను. పొద్దున్నే చూసుకో, పులిసిపోతాయి."

ఆయన తాళం జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ఆయన మెడ వెనక ఎర్రగా కందిపోయి ఉంది.  మలుపు దాటాక అమ్మ నా వైపు తిరిగింది.

"సంగతి నీకెప్పుడు తెలిసిందే?"

"నాలుగో రోజు."

"వారం రోజులు కడుపులో దాచుకున్నావా? నాకెందుకు చెప్పలేదు?"

"నీ పని పోతుందని."

"పోయింది కదా ఇప్పుడు! ముందే చెప్పి ఉంటే పోయేదేదో వారం ముందే పోయేది. ఆ దిక్కుమాలిన గిన్నెలు తోమే పనైనా తప్పేది" అంది అమ్మ. చెల్లిని చంకనేసుకుని, నాకన్నా ముందు విసవిసా నడిచింది.