డ్రైవరు పక్క సీటు

అతను దూరప్రాంతాల బస్సు డ్రైవరు. వసంతం వచ్చిందంటే చాలు, ఇంటికి వచ్చినప్పుడల్లా భార్యకు తన బస్సు దారిలోని లోయలో పూసే పూల గురించే చెప్పేవాడు. వినీ వినీ, స్కూలు వ్యాను నడుపుకునే ఆమెకు ఆ లోయ మీద బెంగ పట్టుకుంది. చూడని చోటు మీద బెంగేమిటని తనలో తనే నవ్వుకునేది.

అతను రిటైరయ్యాక, మరిది కారు అడిగి తీసుకుని ఇద్దరూ బయల్దేరారు. కొండ దిగగానే రోడ్డుకు రెండువైపులా పసుపుపచ్చ పూలు విరగబూసి కనిపించాయి.

"వాగు అవతల ఊదారంగువి చూశారా?" అందామె.

"అవి కూడా ఉన్నాయా?" అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"అదేంటండీ, ఇన్నేళ్లూ నాకు చెప్పింది మీరేగా."

"ప్యాసింజర్లు చెప్పుకునేవాళ్లు. బస్సునిండా జనాన్ని పెట్టుకుని నేను పక్కకెలా చూస్తాను? విన్నవి విన్నట్టు నీకు మోసుకొచ్చేవాణ్ణి."

చూడలేదన్న లోటు తనకొక్కదానికే అనుకుంది ఇన్నాళ్లూ.

"పక్కకు ఆపండి. నేను నడుపుతా."

సీట్లు మారారు. అతను అద్దం దించి, చంటిపిల్లాడిలా తల బయటపెట్టాడు. లోయలో ఉన్న పార్కు లోపలి రోడ్డులోకి తిరిగేదాకా తల లోపలికి తీసుకోలేదు.

"ఇక్కడ ఆపనా?"

"అప్పుడే వద్దు. ఇంకొంచెం నెమ్మదిగా పోనీ," అన్నాడు.

ఆమె గేరు తగ్గించింది. వెనక కారువాడు విసుగ్గా హారను కొట్టి, దాటి వెళ్లిపోయాడు.