కాటమరాజు అడిగిన మాట

ఆ ఆదివారం మా ఇంట్లో గొడవ పాలగిన్నె దగ్గర మొదలైంది. నా ఆడబిడ్డ స్రవంతి మేకపాలు పొయ్యి మీద పెట్టి ఫోను చూస్తూ నిలబడిపోయింది. పాలు పొంగి, అడుగంటి, మాడు వాసన వసారా దాకా వచ్చాక గాని తల ఎత్తలేదు. మా అత్త వీరమ్మ ఆ గిన్నెను పెరట్లోకి తీసుకుపోయి, బూడిద వేసి తోముతూ చాలాసేపు తిట్టింది. పచ్చిపాలు తాగి మా తాతలెవరైనా చచ్చిపోయారా, కాచి తాగమని ఊరందరికీ చెప్పే మనిషికి కాయడం మాత్రం ఎందుకు రాదు, అన్నది ఆ తిట్ల సారాంశం.

"ఇన్నేండ్లు డాక్టరు చదివి పాలు మాడబెట్టినావు. ఇంగా చదువుతాదంట" అంది చివరికి.

ఆ చివరి మాటే అసలు మాట అని ముగ్గురికీ తెలుసు. స్రవంతి మసిగుడ్డతో పొయ్యి తుడిచింది. పక్కల తుడవలేదు. తర్వాత నేను తుడిచాను.

స్రవంతి జనరల్ మెడిసిన్‌లో ఎండీ చేసి, ఏడాదిగా మార్కాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పని చేస్తోంది. తర్లుపాడు దగ్గరున్న మా ఊరి నుంచి రోజూ ఆటోలో పోయి వస్తుంది. బెంగళూరులోని ఒక వైద్య కళాశాల ఆమెను రెండేళ్ల పరిశోధన ఫెలోషిప్‌కు ఎంపిక చేసింది. పొద్దున ఫోనులో చూస్తున్నది ఆ ఉత్తరాన్నే. చేరేదీ లేనిదీ సోమవారంలోగా చెప్పాలి. సగం రోజు రోగులను చూడాలట. మిగతా సగం, ఒక ప్రశ్నను ఎలా అడగాలో, ఎవరిని లెక్కలోకి తీసుకోవాలో, వచ్చిన జవాబును ఎంతవరకు నమ్మాలో నేర్పుతారట. అది పూర్తి చేసినవాళ్లు ఎక్కువగా మెడికల్ కాలేజీల్లో పాఠాలు చెబుతూ, పరిశోధన చేస్తూ ఉండిపోతారని స్రవంతి చెప్పింది. నేను దర్శిలో జువాలజీతో డిగ్రీ చదివాను. ఆమె చెప్పినదాంట్లో సగమే అర్థమైనా, విన్న రోజంతా ఏ పని చేస్తున్నా దాని గురించే ఆలోచించాను.

ఇంట్లో మిగతావాళ్ల ఆలోచన వేరు. నా భర్త నరేష్ చెల్లెలి క్లినిక్ కోసం మార్కాపురం బస్టాండు దగ్గర ఒక గది మాట్లాడాడు. మామయ్య గురవయ్యకైతే క్లినిక్ కంటే కూతురు కావాలి. ఇంటర్‌లో హాస్టల్‌కు పంపిన పిల్ల మొన్న మొన్ననే ఇంటికి వచ్చింది. గొర్రెల మందుల కోసం మార్కాపురం పోయిన ప్రతిసారీ ఆయన ఆ ఆసుపత్రికి వెళ్తాడు. రోగుల బెంచీ మీద కాసేపు కూర్చుని, ఆమె గది తలుపు తెరుచుకోవడం, మూసుకోవడం చూసి, పలకరించకుండానే బస్సెక్కి వస్తాడు. ఈ సంగతి స్రవంతికి తెలియదు. అక్కడి నర్సు కరుణమ్మ నాకు చెప్పింది.

ఉత్తరం సంగతి తెలిసిన రోజు మామయ్య నన్ను పక్కకు పిలిచి, మెల్లగా అడిగాడు.

"రమణమ్మా, పాప పరీక్ష పోయిందా?"

లేదన్నాను. ఆయన నమ్మలేదు. మా వైపు పాసైనవాళ్లు చదువు ఆపుతారు, మళ్లీ చదివేవాళ్లు పోయినవాళ్లే. వదినని కాబట్టి కప్పిపుచ్చుతున్నానని అనుకున్నాడు.

"పోతే పోయిందిలే. నేనేమన్లేదని చెప్పు. దానికోసం బెంగుళూరు దాకా పోయేదెందుకు" అన్నాడు.

స్రవంతి మనసు మాత్రం వానాకాలం నుంచే ఒకచోట చిక్కుకుంది. అప్పుడు బేస్తవారిపేట నుంచి కాటమరాజు అనే గొర్రెల కాపరి ఆసుపత్రికి వచ్చాడు. నెలల తరబడి సాయంత్రమైతే జ్వరం, ఒళ్లంతా చెమట, నడుము నొప్పి. టైఫాయిడ్ అన్నారు, టీబీ అన్నారు, మందులు మార్చారు. స్రవంతి రక్తం గుంటూరుకు పంపితే గొర్రెలు మేకల నుంచి, వాటి పచ్చిపాల నుంచి మనుషులకు అంటుకునే బ్రూసెల్లా జ్వరమని తేలింది. సరైన మందులతో తగ్గింది. తగ్గాక ఆయన మళ్లీ వచ్చి, గుమ్మంలోనే నిలబడి ఒక మాట అడిగి పోయాడట.

"మా వాళ్లల్లో ఇది ఇంగా ఎంతమందికుందమ్మా?"

ఈ ప్రాంతంలో ఆ జబ్బు గురించి ఎవరైనా రాశారేమోనని స్రవంతి వారాల తరబడి వెతికింది, ఆమెకేమీ దొరకలేదు. ఊరూరా తిరిగి రక్తం తీస్తే చాలదా అని నేను అడిగితే చాలదంది. ఎవరి దగ్గర తీయాలో, ఎందరి దగ్గర తీయాలో తెలియకుండా తీస్తే వచ్చే అంకె అబద్ధం చెబుతుందంది. "అది నాకు రాదు వదినా" అన్నప్పుడు ఆమె గొంతులో సిగ్గు లేదు. ఆకలి ఉంది.

ఆ సాయంత్రం దొడ్డిలో ఒక గొర్రె ఈనలేక అవస్థ పడింది. పిల్ల అడ్డం తిరిగింది. మామయ్య మోకాళ్ల మీద కూర్చుని చొక్కా చేయి పైకి మడిచాడు. స్రవంతి సంచిలోంచి చేతి తొడుగులు తీసి ఇవ్వబోయింది. తొడుగుంటే పిల్ల కాలు ఏదో మెడ ఏదో తెలియదని ఆయన వద్దన్నాడు. వట్టి చేత్తోనే సర్ది, పిల్లను బయటికి లాగాడు. అది కదల్లేదు. దాని ముక్కు మీది జిగురు తుడిచి, తన నోరు ఆనించి ఊదాడు. రెండోసారి ఊదగానే తుమ్మింది. స్రవంతి ఆ తొడుగులు పట్టుకుని అట్లాగే చూస్తూ ఉంది. ఆ పని చేయని కాపరి మా చుట్టుపక్కల లేడు.

ఆయన చేతులు కడుక్కుంటూ అడిగాడు. "ఇట్ల చేస్తే ఆ జొరం వస్తాదంటివే. ఈ పని చేసినోళ్లందరికీ వస్తాదా?"

"తెలీదు నాయనా."

"నాకు చిన్నప్పట్నుంచి ఇదే పని. నా నెత్తురు పంపిస్తివి గదా, ఏం లేదనిరి. కాటమరాజుకెందుకొచ్చింది?"

"అదీ తెలీదు."

"డాక్టరువి. తెలీదంటావేంది?"

"ఇక్కడి సంగతి ఎవరూ తేల్చినట్టు నాకు కనపళ్లేదు నాయనా. ఎట్ల తేల్చాలో నేర్చుకునేదానికే బెంగుళూరు."

మామయ్య చెంబు కింద పెట్టాడు. "అయితే పరీక్ష పోలేదా?"

స్రవంతికి అర్థం కాక నా వైపు చూసింది. ఆయన ఏమనుకున్నాడో నేను చెప్పాను. ఆమె నవ్వడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, ఆయన ముఖం చూసింది. ఆయన నవ్వడం లేదు. పరీక్ష పోయిన కూతురినైతే ఉండిపొమ్మని ఓదార్చవచ్చు. ఇప్పుడు ఆయన దగ్గర ఆ మాట కూడా లేకుండా పోయింది.

పొద్దుగూకగానే అందరం అన్నాలకు కూర్చున్నాం. గోంగూర పప్పు, మజ్జిగ. నరేష్ గది సంగతి ఎత్తాడు. యజమాని రేపు జవాబు చెప్పమన్నాడనీ, బోర్డు మీద పేరు ముందు డాక్టర్ అని పెద్ద అక్షరాలతో రాయిద్దామనీ అన్నాడు. అత్తమ్మ అప్పటికే ఆ క్లినిక్‌కు ఎవరెవరు వస్తారో వరసగా చెబుతోంది. స్రవంతి కలిపిన ముద్దను నోట్లో పెట్టుకోలేదు.

"అన్నా, ఆ గదికి వద్దని చెప్పు. నేను బెంగుళూరు పోతా."

అత్తమ్మ గరిటె ఆపి, రెండేళ్లయ్యాక తిరిగి వస్తావా అని అడిగింది. అవునంటే చాలు, ఆ పూటకి ఇల్లు చల్లబడేది. నేను కూడా మనసులో, అవునని చెప్పు, అనుకున్నాను.

"నా పని ఈ ఊర్లల్లోనేనమ్మా, రక్తం తీసేదానికి వస్తా పోతా ఉంటా. కానీ ఉద్యోగం ఏ కాలేజీలో ఇస్తారో ఆడుండాల. ఇంటికొచ్చి ఉంటానని మాటియ్యలేను. అయినా పోతా."

నరేష్ తండ్రి వైపు చూశాడు. మామయ్య తల ఎత్తలేదు. కంచంలో మజ్జిగ పోసుకుని, అన్నం మెత్తగా కలిపాడు.

"రేపటి దాకా ఎందుకు" అన్నాడు. "అన్నం తిని, ఇప్పుడే రాసెయ్."